పాచిక, పట్టిక, ధర్మరాజు

కార్వేటినగరం అనగానే సంగీతం ఎరిగినవాళ్లకు సారంగపాణి పదాలు, భక్తులకు వేణుగోపాలస్వామి కోవెల గుర్తుకొస్తాయి. ఆ చుట్టుపట్ల, చిత్తూరు సీమ తూర్పు అంచున ఉన్న పల్లెలకు మరో దేవుడు కూడా ఉన్నాడు. ఆయన ధర్మరాజు. ద్రౌపదితో కలిసి పూజలందుకునే ధర్మరాజుకు ఈ సీమలో గుళ్లున్నాయి, ఆ గుళ్ల ముందు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు బండెడు తిండితో భీముడు ఊరేగుతాడు. అర్జున తపస్సు నాడు వేషధారి పొడవాటి మాను ఎక్కుతాడు. ఆఖర్న దుర్యోధన వధ. నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉంటాడు. గద తొడ మీద పడుతుంది, ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. తర్వాత భక్తులు అగ్నిగుండం తొక్కుతారు. తమిళనాట సెంజి కేంద్రంగా పెరిగిన ఈ ద్రౌపది ఆరాధన మీద అమెరికన్ పండితుడు ఆల్ఫ్ హిల్టెబీటెల్ పెద్ద గ్రంథమే రాశాడు. దాని మొదటి సంపుటం 1988లో వచ్చింది.

ఈ భారతంలో ఫలితం గురించి ఎవరికీ అనుమానం ఉండదు. దుర్యోధనుడు పడతాడు. ఏ ఏడూ పడకుండా ఉండడు. అయినా ఆ యుద్ధానికి మూలం ఒక జూదం. ముగింపు ముందే తెలిసిన యుద్ధమూ, ఎటు పడుతుందో తెలియని పాచికా ఒకే కథలో ఇమిడి ఉన్నాయి. మనిషి ప్రయత్నం ఎంత, దైవం ఎంత అన్న ప్రశ్నను మన పెద్దలు పురుషకారమనీ దైవమనీ పేర్లు పెట్టి తరతరాలుగా తర్కించారు. ఇవాళ అదే ప్రశ్న ఎవరూ అనుకోని చోట, బల్ల మీద ఆడే ఒక ఆటలో, కంప్యూటర్ తెర మీది ఎక్సెల్ గళ్లలో, మళ్లీ లేస్తోంది.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో అచ్చయింది. తర్వాత అదే దారిలో వందల ఆటలొచ్చాయి. వీటన్నిటికీ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అని పేరు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు. మరొకరు గేమ్ మాస్టర్‌గా లోకాన్నంతా నడుపుతారు. శత్రువులూ, ఊళ్లూ, వానా వరదా ఆ మనిషి చేతిలో ఉంటాయి. పాత్ర ఏం చేయాలో ఆటగాడు చెబుతాడు. అది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

మాటల మీద నడిచినంత సేపు ఆట తేలిగ్గానే సాగుతుంది. కత్తి దూసిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఎవరు ముందు కొట్టాలో తేల్చడానికి అందరూ పాచిక వేస్తారు. దాన్ని ఇనీషియేటివ్ అంటారు. ప్రతి ప్రాణికీ ప్రాణబలం ఇంత అని హిట్ పాయింట్లుంటాయి, దెబ్బ తగలాలంటే పాచిక ఇంత దాటాలని కవచం అంకె ఉంటుంది. 2014 నాటి అయిదో కూర్పు నియమాల్లో మామూలు గోబ్లిన్ అనే పొట్టి శత్రుజీవికి హిట్ పాయింట్లు 7, కవచం 15. పాచిక మీద 5 కలుపుకునే వీరుడు దాన్ని తాకాలంటే 10 గానీ అంతకు మించి గానీ పడాలి, అంటే నూటికి 55 పాళ్లు. ఇలాంటి గోబ్లిన్లు పన్నెండు, వీరులు అయిదుగురు, వారిలో ఒకడికి విషం ఎక్కింది, ఇంకొకరి మంత్రం మూడు వంతుల్లో ముగుస్తుంది అనుకుంటే, నోటి లెక్కతో నడపడం కష్టం. కాగితం మీద కొట్టివేతలు పెరిగి, ఎవరు బతికున్నారో ఎవరు చచ్చారో తెలియని గందరగోళం వస్తుంది.

అందుకే చాలామంది గేమ్ మాస్టర్లు స్ప్రెడ్‌షీట్ తెరుస్తారు. ఒక్కో ప్రాణికి ఒక్కో వరస. పేరు, ఇనీషియేటివ్, మొత్తం బలం, తగిలిన దెబ్బలు, మిగిలిన బలం నిలువు గళ్లలో ఉంటాయి. మిగిలిన బలం సగానికి దిగితే గడి పసుపు రంగు, సున్నాకు దిగితే ఎరుపు. కూడికలూ తీసివేతలూ యంత్రం చూసుకుంటుంది, మనిషి కథ చూసుకుంటాడు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ తెచ్చింది వ్యాపార లెక్కల కోసం. కొత్త గజిబిజి ఏదొచ్చినా మనిషి దాన్ని గళ్లలోకి దించుకుని ఆలోచించడం నేర్చాడు.

యుద్ధాన్ని గళ్లలో పెట్టడం ఈ ఆటతో మొదలవలేదు. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్ జార్జ్ ఫాన్ రైస్విట్జ్ 1824లో తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరిచి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడ తయారు చేశాడు. పటం మీద దళాలు, చేతిలో పాచికలు, పక్కన నష్టాల పట్టికలు, మధ్యన తీర్పరి. సైనికాధికారులకు శిక్షణగా అది వాడుకలోకొచ్చింది. నేటి రోల్‌ప్లేయింగ్ ఆటకు వంశవృక్షం గీస్తే దాని వేళ్లు అక్కడికి చేరతాయి.

ఇంకా వెనక్కి వెళితే మహాభారతమే ఉంది. అక్షౌహిణి అంటే ఎంతో ఆదిపర్వంలో సూతుడు శౌనకాది మునులకు వరస కట్టి చెబుతాడు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం కలిస్తే పత్తి. మూడు పత్తులు సేనాముఖం. అక్కడి నుంచి గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, ఒక్కొక్కటి దాని ముందుదానికి మూడింతలు. పది అనీకినులు ఒక అక్షౌహిణి. లెక్క కడితే రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350 వస్తాయి. మొత్తం 2,18,700. కౌరవులకు 11, పాండవులకు 7, కలిపి 18 అక్షౌహిణులు. పై గడిని మూడుతో హెచ్చించు, కింది గడిలో రాయి, అదే సూత్రం కిందికి లాగు. వ్యాసుడి సూతుడు నోటితో చేసిన పని ఇదే. అంత పెద్ద విషాదాన్ని చెప్పబోయే ముందు కవి అంకెలు సరిచూసుకున్నాడు. లెక్కను కవిత్వానికి వెలి అని ఆయన అనుకోలేదు.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. కొట్టమన్నది ఆటగాడు. తగిలిందని చెప్పింది పాచిక. ప్రాణం తీసివేసింది సూత్రం. అలాంటప్పుడు చంపింది ఎవరు?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలుంటాయంటుంది. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. ఆట బల్ల దగ్గర ఈ అయిదూ విడివిడిగా కళ్ల ముందు కనిపిస్తాయి. యుద్ధం జరిగే పటం అధిష్ఠానం. నిర్ణయించే ఆటగాడు కర్త. కత్తి, మంత్రం, షీట్ కరణాలు. ఎత్తులూ కదలికలూ చేష్టలు. పాచిక దైవం. నిజజీవితంలో ఈ అయిదూ ముద్దగా కలిసి ఉంటాయి కాబట్టి గెలిచినప్పుడు కర్తనంటాం, ఓడినప్పుడు దైవమంటాం. బల్ల దగ్గర ఆ తప్పుకోలు కుదరదు. పాచిక వేయక ముందే ఆటగాడు నోరు తెరిచి చెప్పాలి, ఎవరిని కొడుతున్నాడో, ఎందుకు కొడుతున్నాడో. దైవం వంతు ఆ తర్వాతే. అయిదింటిలో తానొక్కడినే కర్తనని అనుకునేవాడు సరిగా చూడలేదని గీత అంటుంది. అయితే ఆ మాటకు అర్థం కర్త లేడని కాదు, అయిదింట ఒకటిగా కర్త కూడా ఉన్నాడని.

మన ఇళ్లలో ఆడే వైకుంఠపాళితో పోల్చి చూస్తే ఈ తేడా తేటపడుతుంది. అందులో పాములు దుర్గుణాలు, నిచ్చెనలు సద్గుణాలు, పైన పరమపదం. ధర్మం బోధించడానికి పుట్టిన ఆటే అది. కానీ ఆడేవాడికి ఎంపిక లేదు. గవ్వలో పాచికో ఎంత పడితే అన్ని గడులు నడవాలి, నిచ్చెన మీద కాలు పడితే పుణ్యం, పాము నోట పడితే పాపం. కర్మఫలం ఎలా తిరుగుతుందో పటం చూపిస్తుంది గానీ కర్మ చేసే అవకాశం ఇవ్వదు. రోల్‌ప్లేయింగ్ ఆట ఆ అవకాశం ఇచ్చింది, దాంతోపాటు బాధ్యతనూ తెచ్చిపెట్టింది.

స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు త్వరగానే కనిపెట్టే సంగతి ఒకటుంది. పాచికకు బదులు రాండ్‌బిట్వీన్ అనే ఫంక్షన్ పెడితే 1 నుంచి 20 దాకా ఏదో ఒక అంకె వస్తుంది. చిక్కేమిటంటే షీట్‌లో ఎక్కడ ఏ గడి మార్చినా ఆ అంకె మళ్లీ మారిపోతుంది. ఇందాక తప్పిన దెబ్బ, ఇంకొకరి పేరు సరిదిద్దేసరికి తగిలినట్టు చూపిస్తుంది. అందుకని వచ్చిన అంకెను కాపీ చేసి, ఫంక్షన్ తీసేసి, ఉత్త విలువగా అతికిస్తారు. అప్పుడే అది జరిగినట్టు. వేదాంతులు కర్మను సంచితం, ఆగామి, ప్రారబ్ధం అని విడదీసినప్పుడు చెప్పింది ఇలాంటి తేడానే. ప్రారబ్ధం విడిచేసిన బాణం, జ్ఞానం కలిగినా అది ఆగదని శంకరాచార్యుల భాష్యాలు అంటాయి. గతం ఎప్పటికప్పుడు మారిపోయే లోకంలో పశ్చాత్తాపానికి చోటుండదు, క్షమకు కూడా ఉండదు. విలువగా అతికించిన గడి ఆటకు నీతిని తెస్తుంది. అది మారదు కాబట్టే దాని తర్వాత ఏం చేయాలన్న ఆలోచన పుడుతుంది.

పాచిక లోతు తెలిసినవాడి బాధ్యత ఏమిటన్న ప్రశ్నకు భారతం ఒక పూర్తి కథ కేటాయించింది. అడవిలో ధర్మరాజు తనంత దురదృష్టవంతుడు ఉన్నాడా అని వాపోతే బృహదశ్వ మహర్షి నలుడి కథ చెబుతాడు. తమ్ముడు పుష్కరుడితో ఆడిన జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజుకు సారథిగా చేరిన నలుడు రథం తోలుతుంటాడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడుతుంది. దాని రెండు కొమ్మల్లో అయిదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయని ఋతుపర్ణుడు చూపుతోనే చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెడితే సరిపోతుంది. పూర్వం పాచికలుగా ఆడింది ఈ తాండ్రకాయలతోనే. లెక్కపెట్టే విద్యా, పాచికల విద్యా ఒకటే అన్నట్టుగా ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని నలుడికి ఇస్తాడు, బదులుగా నలుడు అశ్వహృదయం ఇస్తాడు. ఆ విద్య లోపలికి చేరగానే నలుడిని పట్టి పీడించిన కలి బయటికొచ్చేస్తాడు. సంభావ్యత శాస్త్రం పుట్టుకను పరిశోధించిన తత్త్వవేత్త ఇయాన్ హాకింగ్ 1975లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా పాచికల లెక్క గురించి ఉత్తరాలు రాసుకున్నది 1654లో.

గణిత చరిత్రకారులు సాధారణంగా నలుడికి ఆ విద్య దక్కిన చోటే ఆగుతారు. ధర్మం దృష్టితో చూసేవాళ్లకు ముఖ్యమైన ఘట్టం ఆ తర్వాత ఉంది. నలుడు తిరిగొచ్చి పుష్కరుణ్ని మళ్లీ జూదానికి పిలుస్తాడు, ఒక్క పందెంలో గెలుస్తాడు. ఇప్పుడు పుష్కరుడి ప్రాణం అతని చేతిలో ఉంది. అప్పుడు నలుడు అంటాడు, మునుపు నన్ను ఓడించింది నువ్వు కాదు, కలి చేసిన పని అది, వేరొకరి దోషం నీ మీద వేయను అని. పుష్కరుడి వంతు ఆస్తి పుష్కరుడికి ఇచ్చి పంపిస్తాడు. కారణాలను విడదీసి చూడగలిగినవాడికే ఆ మాట సాధ్యం. శకునికీ పాచికల లోతు తెలుసు, ఆ తెలివిని ఒక్క కుటుంబాన్ని కూల్చడానికి వాడాడు. నలుడు అదే తెలివితో తమ్ముణ్ని వదిలేశాడు. ఇద్దరి చేతిలోనూ విద్య ఒకటే. బృహదశ్వుడు కథ ముగించి ఆ అక్షహృదయాన్నే ధర్మరాజుకు ఉపదేశించడం కథకుడి ఉద్దేశాన్ని చెప్పకనే చెబుతుంది.

గేమ్ మాస్టర్‌కు షీట్ ఇచ్చేది ఈ అక్షహృదయంలో ఒక పాలు. పన్నెండు గోబ్లిన్లు ఒక వంతులో సగటున ఎంత దెబ్బ కొడతాయో, ఎవరు ఎన్నో వంతుకు కూలతారో ముందే లెక్క తేలుతుంది. లెక్క తెలియని రోజుల్లో ఆటగాడి పాత్ర చనిపోతే పాచిక అలా పడింది అనవచ్చు. తెలిశాక ఆ మాట సగమే నిజం. ఇంత ప్రమాదమని తెలిసే ఆ శత్రువులను ఆ గుహలో నిలిపింది తానే. షీట్ వాడకం బాధ్యతను యంత్రం మీదికి నెట్టేస్తుందని కొందరు అనుమానిస్తారు. జరిగేది తలకిందులు. అజ్ఞానం ఇచ్చే చిన్న మినహాయింపును అది తీసేస్తుంది.

తెలిసినవాడికి మరో శోధన ఎదురవుతుంది, అబద్ధం. గేమ్ మాస్టర్ తెర చాటున పాచిక వేసి, పడిన అంకె కాకుండా మరో అంకె చెప్పవచ్చు. 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ కూడా ఆ వెసులుబాటు గురించి మాట్లాడుతుంది. సరదా చెడకూడదనీ, ఇష్టమైన పాత్ర అర్ధాంతరంగా పోకూడదనీ మంచి మనసుతోనే చాలామంది ఆ పని చేస్తారు. భారతంలో యుద్ధరంగం మీద చావు గురించి అబద్ధం చెప్పినవాడు ఎవరో ద్రోణపర్వం ఎరిగినవాళ్లకు తెలుసు. అశ్వత్థామ హతుడన్న మాట గట్టిగా పలికి, ఏనుగన్న మాట మెల్లగా అన్నాడు ధర్మరాజు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున తిరిగిన ఆయన రథం కిందికి దిగిందని కవి రాశాడు. ఆ అబద్ధం వల్ల యుద్ధం గెలిచారు, అది కృష్ణుడు కోరిన అబద్ధమే, దానికి సమర్థన కూడా ఉంది. అయినా రథం దిగింది. పట్టికలో దొంగ అంకె వేసే గేమ్ మాస్టర్‌కు సమర్థన ఉండవచ్చు, కానీ అతను తన స్నేహితుల ఎంపికలకు అర్థం లేకుండా చేస్తున్నాడని తెలుసుకోవాలి. షీట్‌ను అందరికీ కనబడేలా తెరిచి పెట్టేవాళ్లు ఆ శోధనను దూరం పెడుతున్నారు. ఊరికి కరణం లెక్క ఎంత ముఖ్యమో ఎరిగిన సీమకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కాంచీపురంలో పాపపుణ్యాల లెక్క రాసే చిత్రగుప్తుడికే గుడి ఉంది. అందులో ఆయన చేతిలో గంటం, తాటాకులు ఉంటాయి.

అలాగని పట్టికే సర్వస్వమని నమ్మిన చోట ఆట చచ్చింది. రైస్విట్జ్ తరవాత క్రీగ్‌స్పీల్ నియమాలు పెరిగి పెరిగి, పట్టికలు తిరగేయడంతోనే పొద్దు గడిచేది. 1876లో జనరల్ వెర్డీ దు వెర్నువా ఆ పట్టికలను పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన తీర్పరి వివేకంతో నడిపే పద్ధతిని ప్రతిపాదించాడు. నాటి వాదమే నేటి బల్లల దగ్గర కొత్త పేర్లతో సాగుతోంది. ఒక పక్షం షీట్ ఉంటేనే న్యాయమంటుంది, మరో పక్షం షీట్ ఉంటే ప్రాణం పోతుందంటుంది. రెంటికీ చోటున్న జవాబు స్త్రీపర్వంలో దొరుకుతుంది.

యుద్ధం ముగిసింది. ధృతరాష్ట్రుడు ధర్మరాజును అడుగుతాడు, ఎందరు చచ్చారు, ఎందరు మిగిలారు, చచ్చినవాళ్లు ఏ గతికి పోయారు అని. ధర్మరాజు జవాబిస్తాడు. చచ్చినవాళ్లు 166 కోట్ల 20 వేలు. కనిపించకుండా పోయినవాళ్లు 24,165. ఆదిపర్వం చెప్పిన 18 అక్షౌహిణుల మొత్తం 39,36,600. రెండు అంకెలూ కలవవు. పండితులు దీనికి రకరకాల సమాధానాలు వెతికారు. కానీ గమనించాల్సింది ఆ తర్వాతి మాటలు. సంతోషంగా దేహం అర్పించినవాళ్లు ఇంద్రలోకానికి, చావు తప్పదు కదా అని నిరుత్సాహంతో పడినవాళ్లు గంధర్వుల దగ్గరికి, ప్రాణభిక్ష అడుగుతూ వెనుదిరిగి చచ్చినవాళ్లు గుహ్యకుల దగ్గరికి, ఆయుధం పోయినా సిగ్గుతో శత్రువుకు ఎదురు నిలిచినవాళ్లు బ్రహ్మసదనానికి చేరారంటాడు. ఎంతమంది అన్న గడి ఒకటి, ఏ మనసుతో అన్న గడి మరొకటి. రెండోది ఏ పాచికా నింపలేదు. అందుకే కవి దాన్ని లోమశుడి దయవల్ల దివ్యదృష్టి పొందిన ధర్మరాజు నోట చెప్పించాడు. ఆ తర్వాత ధర్మరాజు విదురుణ్ని, సంజయుణ్ని, ధౌమ్యుణ్ని పిలిచి, దిక్కులేని శవాలకు కూడా దహనసంస్కారాలు జరిపించమంటాడు. అంకె చెప్పి ఊరుకోలేదు.

ఇదంతా ఆట కదా, గోబ్లిన్లు లేనే లేవు కదా, ఇంత ధర్మచర్చ ఎందుకని అడగవచ్చు. మట్టి దుర్యోధనుడు కూడా మట్టే. అయినా ఆ వధ జరిగే నాడు ద్రౌపదమ్మ ముందు ఉపవాసం ఉండి నిప్పులు తొక్కేవాళ్లకు అది ఉత్తుత్తి కాదు. వేషం కట్టిన మనిషి కొంతసేపు మరొకడై నిలిచి, ఆ మరొకడి నిర్ణయాల బరువు మోస్తాడు. బల్ల దగ్గర ఆటగాడు చేసేదీ అదే. ఒక తేడా ఏమిటంటే వీధినాటకంలో భీముడు గద ఆపలేడు. ఆటగాడు ఆపగలడు.

2014 నాటి అయిదో కూర్పు నియమాల్లో దానికి ఒక చిన్న ఏర్పాటుంది. దగ్గరి నుంచి కొట్టిన దెబ్బతో శత్రువు హిట్ పాయింట్లు సున్నాకు పడినప్పుడు, కొట్టినవాడు ఆ క్షణంలోనే తేల్చుకోవచ్చు, చంపాలా, స్పృహ తప్పించి ప్రాణంతో వదలాలా అని. షీట్ తయారు చేసుకునేవాళ్లు చాలాసార్లు ఇక్కడ పొరబడతారు. సున్నా పడగానే గడి ఎర్రబడి, వరస దానంతటదే మాయమయ్యేలా సూత్రం రాస్తారు. అలా రాస్తే ఆ నియమం అడిగే ప్రశ్న ఎవరికీ వినిపించదు. సున్నా దగ్గర వరస ఆగాలి. పక్కన ఒక ఖాళీ గడి ఉండాలి. గేమ్ మాస్టర్ తల ఎత్తి, కొట్టిన ఆటగాడి కళ్లలోకి చూసి, చంపుతున్నావా వదులుతున్నావా అని అడగాలి, జవాబు ఆ గడిలో అతని మాటల్లోనే రాయాలి. ఆ ఆటగాడు మరుసటి వారం మళ్లీ కూర్చున్నప్పుడు, చంపిన గోబ్లిన్ల గూడెం ఏమనుకుంటోందో, వదిలిన గోబ్లిన్ ఎక్కడికి వెళ్లిందో, కథ ఆ గడి నుంచే మొదలుపెట్టవచ్చు.